సీవీఎస్ రివిజన్ ఎలా చేయాలి: ఫైనలియర్ ఎంబీబీఎస్ వాళ్ల కోసం

పరీక్షల సీజన్ వచ్చిందంటే జూనియర్లు అడిగేది ఒకటే. "అక్కా, సీవీఎస్ (గుండె, రక్తనాళాల వ్యవస్థ) మొత్తం ఒకసారి చదివాను, ఇప్పుడు చూస్తే ఏదీ గుర్తులేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?" ఒక్కొక్కరికీ విడిగా వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక ఇక్కడే రాసేస్తున్నా. గుండె, రక్తనాళాల జబ్బులను ఒక్కసారైనా పూర్తిగా చదివినవాళ్లకే ఇది పనికొస్తుంది. మొదటిసారి చదువుతున్నవాళ్లు ముందు క్లాస్ నోట్సో పుస్తకమో ముగించుకుని రండి.

ఎక్కువమంది చదివే పద్ధతి ఎలా ఉంటుందంటే, మైట్రల్ స్టెనోసిస్‌కి (మైట్రల్ వాల్వు ఇరుకవడం) ఎనిమిది పాయింట్లు, మైట్రల్ రిగర్జిటేషన్‌కి (అదే వాల్వు లీకవడం) తొమ్మిది పాయింట్లు అని విడివిడిగా బట్టీ పడతారు. వారం తిరక్కుండానే రెండూ కలగాపులగం అయిపోతాయి. దానికి బదులు ప్రతి జబ్బుకీ మూడు ప్రశ్నలు వేసుకోండి: అడ్డు ఎక్కడ, లీకు ఎక్కడ, దానివల్ల భారం ఏ గది మీద పడుతోంది. ఈ మూడింటికీ జవాబు వస్తే పల్స్, ఎపెక్స్ (గుండె కొన కొట్టుకునే చోటు), మర్మర్ (గుండెలో వినిపించే అదనపు శబ్దం), ఎక్స్‌రే, ఈసీజీ అన్నీ చాలావరకు మీరే ఊహించి రాసేయగలరు. బట్టీ పట్టాల్సింది మిగిలిన కాస్తే.

ఏమేం కావాలి

- ఒకే ఒక్క టెక్స్ట్‌బుక్, మీరు ఇప్పటికే చదివినదే. రివిజన్ టైమ్‌లో కొత్త పుస్తకం కొనడం డబ్బు దండగ, టైమ్ అంతకన్నా దండగ.
- తెల్ల కాగితాలు, రెండు రంగుల పెన్నులు.
- మీ సొంత స్టెతస్కోప్. కొన్నిట్లో బెల్ విడిగా ఉంటుంది, కొన్నిట్లో ఒకే వైపు ఉండి తేలిగ్గా ఆనిస్తే బెల్‌లా, అదిమితే డయాఫ్రమ్‌లా పనిచేస్తుంది. మీదేదో ముందే తెలుసుకోండి, పరీక్షలో అడుగుతారు.
- గుండె శబ్దాల రికార్డింగులు వినడానికి హెడ్‌ఫోన్స్. ఫోన్ స్పీకర్‌లో ఎస్3 (మూడో గుండె శబ్దం), మైట్రల్ స్టెనోసిస్ మర్మర్ లాంటి మంద్ర శబ్దాలు సరిగ్గా రావు, "నాకు వినపడట్లేదు" అని ఊరికే టెన్షన్ పడతారు.
- డయాగ్నోసిస్ రాయని ఈసీజీలు ఓ పది, పదిహేను. వార్డులో ఫొటో తీసుకుంటే అడిగి తీసుకోండి, పేషెంట్ పేరు, నంబర్ కనపడకుండా మూసేయండి.
- మొహమాటం లేకుండా తప్పులు చెప్పే ఫ్రెండ్ ఒకరు.

1. పుస్తకం తెరవకుండా కార్డియాక్ సైకిల్ గీయండి

ఫస్టియర్ ఫిజియాలజీ కదా అని దీన్ని దాటేయకండి. ఎస్1 దగ్గర మొదలుపెట్టి ఏవీ వాల్వులు (మైట్రల్, ట్రైకస్పిడ్) మూసుకోవడం, అవుట్‌లెట్ వాల్వులు తెరుచుకోవడం, ఎస్2, మళ్లీ మైట్రల్ తెరుచుకోవడం, వేగంగా నిండడం, చివర్లో ఏట్రియం ముడుచుకోవడం, ఇలా వరుసగా గీయండి. దాని మీద ఓపెనింగ్ స్నాప్ (ఇరుకైన మైట్రల్ వాల్వు తెరుచుకునే శబ్దం) ఎక్కడ, ఎస్3 ఎక్కడ, ఎస్4 ఎక్కడ అని రంగు పెన్నుతో గుర్తుపెట్టండి.

చెక్ చేసుకునే పద్ధతి: "ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (ఏట్రియం సరిగ్గా ముడుచుకోక వణకడం) వస్తే ఈ బొమ్మలో ఏమేం మాయమవుతాయి?" అని మిమ్మల్ని మీరే అడగండి. ఎస్4 పోవాలి, జేవీపీలో (మెడ సిరలో కనిపించే ప్రెషర్) ఎ వేవ్ పోవాలి, మైట్రల్ స్టెనోసిస్ మర్మర్ చివర్లో వచ్చే ప్రీసిస్టాలిక్ హెచ్చు కూడా మామూలుగా పోవాలి. మూడూ చెప్పగలిగితే రెండో స్టెప్‌కి వెళ్లండి. చెప్పలేకపోతే బొమ్మ మళ్లీ గీయండి, ఇక్కడ పెట్టిన అరగంట తర్వాత చాలా ఆదా చేస్తుంది.

2. ఒక్క వాల్వు జబ్బును పూర్తిగా నడిపించండి

నేనైతే మైట్రల్ స్టెనోసిస్‌తోనే మొదలుపెట్టమంటా. మన గవర్నమెంట్ ఆస్పత్రుల్లో రుమాటిక్ హార్ట్ డిసీజ్ (రుమాటిక్ ఫీవర్ వల్ల వాల్వులు దెబ్బతినడం) ఇంకా వస్తూనే ఉంది, లాంగ్ కేస్‌గా పడే అవకాశమూ ఎక్కువే.

అడ్డు మైట్రల్ దగ్గర. కాబట్టి ఎడమ ఏట్రియంలో ప్రెషర్ పెరుగుతుంది, అది వెనక్కి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆయాసం, దగ్గు, ఒక్కోసారి దగ్గులో రక్తం. అలాగే కొనసాగితే పల్మనరీ హైపర్‌టెన్షన్, దాంతో కుడి వెంట్రికల్ మీద భారం, చివరికి జేవీపీ పెరగడం, లివర్ వాపు, కాళ్ల వాపు. ఈ కథలో ఎడమ వెంట్రికల్‌కి ఏ భారమూ లేదు. అందుకే ఒంటరి మైట్రల్ స్టెనోసిస్‌లో ఎపెక్స్ బీట్ ట్యాపింగ్‌గా ఉంటుంది, కిందికీ బయటికీ జరిగి ఉండదు. మీరు చెయ్యి పెట్టినప్పుడు ఎపెక్స్ కిందికి, బయటికి జరిగి ఉందంటే పక్కన మైట్రల్ రిగర్జిటేషనో అయోర్టిక్ రిగర్జిటేషనో ఉందేమో వెతకాలి. ఎగ్జామినర్ ఎక్కువగా పట్టుకునేది ఇక్కడే.

మర్మర్ వినేటప్పుడు పేషెంట్‌ని ఎడమ పక్కకి తిప్పి, బెల్‌ని ఎపెక్స్ మీద తేలిగ్గా పెట్టి, ఊపిరి వదిలి ఆపమనండి. బెల్‌ని గట్టిగా అదిమితే అది డయాఫ్రమ్ అయిపోతుంది, మర్మర్ మాయమవుతుంది. జబ్బు ఎంత ముదిరిందో మర్మర్ ఎంత గట్టిగా ఉందన్నదాన్ని బట్టి చెప్పకూడదు. అది ఎంతసేపు సాగుతోంది, ఎస్2కీ ఓపెనింగ్ స్నాప్‌కీ మధ్య ఎడం ఎంత తగ్గింది, పల్మనరీ హైపర్‌టెన్షన్ గుర్తులు ఉన్నాయా, వీటిని బట్టి చెప్పాలి.

ఒక హెచ్చరిక. వాల్వు వైశాల్యం మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు. పాత పుస్తకాల్లో 1 కంటే తక్కువైతే సివియర్ అని ఉంటుంది, 2014 అమెరికన్ గైడ్‌లైన్స్ నుంచి 1.5 లేదా అంతకంటే తక్కువైతే సివియర్, 1 దాకా పడిపోతే వెరీ సివియర్ అంటున్నారు. రెండూ చెప్పగలిగేలా ఉండండి, మీ డిపార్ట్‌మెంట్ ఏది వాడుతోందో అడిగి తెలుసుకోండి.

ఇది అయ్యాక డయాగ్నోసిస్‌ని పూర్తిగా రాయడం ప్రాక్టీస్ చేయండి. "మైట్రల్ స్టెనోసిస్" అని రెండు ముక్కల్లో ఆపేస్తే సగం మార్కులే. ఇలా ఉండాలి: రుమాటిక్ హార్ట్ డిసీజ్, సివియర్ మైట్రల్ స్టెనోసిస్, పల్మనరీ హైపర్‌టెన్షన్ ఉంది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంది, కంజెస్టివ్ ఫెయిల్యూర్ ఉంది, ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్ లక్షణాలు లేవు, రుమాటిక్ యాక్టివిటీ లేదు, ఎన్‌వైహెచ్‌ఏ (ఆయాసం ఎంత ఉందో చెప్పే స్కేలు) క్లాస్ 3. దీంట్లో ప్రతి ముక్కకీ "ఎలా చెప్పావ్?" అన్న ప్రశ్న వస్తుంది. ప్రతి దానికీ ఒక ఆధారం పక్కనే రాసుకోండి.

ట్రీట్‌మెంట్‌లో రెండు విషయాలు తప్పకుండా అడుగుతారు. ఒకటి, మాడరేట్ లేదా సివియర్ మైట్రల్ స్టెనోసిస్‌తో పాటు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంటే రక్తం గడ్డకట్టకుండా వార్ఫరినే, ఐఎన్ఆర్ (దాని మోతాదు చూసే రక్త పరీక్ష) 2 నుంచి 3 మధ్య. కొత్త రకం మాత్రలు ఇక్కడ చెప్పకండి. రుమాటిక్ ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో రివరాక్సబాన్‌ని పోల్చి చూసిన ఇన్విక్టస్ ట్రయల్ 2022లో వచ్చింది, వార్ఫరిన్ రకం మందులే మెరుగని తేలింది. రెండోది, రుమాటిక్ ఫీవర్ మళ్లీ రాకుండా బెంజథీన్ పెన్సిలిన్ 12 లక్షల యూనిట్లు కండరానికి, మూడు వారాలకోసారి, 27 కిలోల లోపు పిల్లలకి 6 లక్షలు. ఎన్నేళ్లు ఇవ్వాలన్నది కార్డైటిస్ (గుండె వాపు) వచ్చిందా లేదా, వాల్వు దెబ్బతిందా లేదా అన్నదాన్ని బట్టి మారుతుంది. ఆ టేబుల్ మాత్రం బట్టీయే, వేరే దారి లేదు.

3. మిగతా వాల్వులను తిరగేసి రాయండి

మైట్రల్ రిగర్జిటేషన్: లీకు, ఎడమ వెంట్రికల్ మీద వాల్యూమ్ భారం, ఎపెక్స్ జరుగుతుంది, ఎస్1 మెత్తబడుతుంది, పాన్‌సిస్టాలిక్ మర్మర్ చంక వైపు పోతుంది. అయోర్టిక్ స్టెనోసిస్: అడ్డు, ప్రెషర్ భారం, హీవింగ్ ఎపెక్స్, మెల్లగా లేచే పల్స్, మెడ వైపు పోయే ఎజెక్షన్ సిస్టాలిక్ మర్మర్. ఇక్కడ కూడా గట్టిదనం చూసి మోసపోవద్దు, వెంట్రికల్ బలం తగ్గేకొద్దీ మర్మర్ మెత్తబడిపోతుంది. అయోర్టిక్ రిగర్జిటేషన్: పేషెంట్‌ని కూర్చోబెట్టి, ముందుకు వంచి, ఊపిరి వదిలించి, స్టెర్నమ్ ఎడమ పక్క మూడో ఖాళీలో డయాఫ్రమ్‌ని గట్టిగా పెట్టి వినండి. పడుకోబెట్టి వింటే తప్పిపోతుంది.

కుడి వైపు మర్మర్లు ఊపిరి పీల్చినప్పుడు పెరుగుతాయి. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి మర్మర్ నిలబడితే, వాల్సాల్వా చేస్తే పెరుగుతుంది, గొంతుక్కూర్చుంటే తగ్గుతుంది. అయోర్టిక్ స్టెనోసిస్‌లో దీనికి తలకిందులు. ఈ రెంటినీ పక్కపక్కన రాసుకోండి, ఎంసీక్యూల్లో తరచూ వస్తుంది.

పుట్టుకతో వచ్చేవాటికీ ఇదే పద్ధతి. ఏఎస్‌డీలో (ఏట్రియాల మధ్య గోడలో రంధ్రం) ఎస్2 వెడల్పుగా, ఊపిరితో మారకుండా చీలుతుంది. వీఎస్‌డీ (వెంట్రికల్స్ మధ్య గోడలో రంధ్రం), పీడీఏ, టెట్రాలజీ, కోఆర్క్‌టేషన్ (అయోర్టా ఒకచోట ఇరుకవడం), అంతవరకు గట్టిగా చదివితే చాలు.

4. హిస్టరీని తెలుగులో ప్రాక్టీస్ చేయండి

ఇంగ్లిష్‌లో ప్రెజెంట్ చేయడం అందరూ ప్రాక్టీస్ చేస్తారు. పేషెంట్‌ని అడగడం మాత్రం పరీక్ష రోజు వరకు వదిలేస్తారు. "ఆర్థాప్నియా ఉందా?" అని పేషెంట్‌ని అడిగేవాళ్లని నిజంగానే చూశాను.

అడగాల్సిన తీరు ఇది: "చదును నేల మీద ఎంత దూరం నడిస్తే ఆయాసం వస్తుందమ్మా? ఇంట్లో పని చేసుకోగలుగుతున్నారా? వెల్లకిలా పడుకుంటే ఊపిరాడట్లేదా? తలకింద ఎన్ని దిండ్లు పెట్టుకుంటారు? రాత్రి నిద్రలో ఊపిరాడక లేచి కూర్చుంటారా? చిన్నప్పుడు కీళ్లు వాచి, ఒకటి తగ్గాక ఇంకోటి నొప్పి పెట్టిందా? నడుముకో చేతికో మూడు వారాలకోసారి ఇంజెక్షన్ వేయించుకునేవారా?" తెలంగాణ వైపు చాలామంది ఆయాసాన్ని "దమ్మొస్తుంది" అంటారు. దాన్ని ఆస్తమా అని రాసేసుకోకండి.

ఇంకో పెద్ద ఉచ్చు "గ్యాస్". పేషెంట్ "గ్యాస్ నొప్పి సార్" అంటే అక్కడ ఆగిపోవద్దు. నడిస్తే వస్తుందా, ఆగితే తగ్గుతుందా, చెయ్యి, దవడ వైపు పాకుతుందా, చెమటలు పట్టాయా అని అడగండి. షుగర్ ఉన్నవాళ్లలో, పెద్ద వయసువాళ్లలో నొప్పే లేకుండా ఆయాసంతోనో చెమటతోనో గుండెపోటు రావచ్చు.

5. జేవీపీ, పల్స్: రోజూ ఒక్కరి మీదైనా

జేవీపీ చదివితే రాదు, చూస్తేనే వస్తుంది. 45 డిగ్రీలు పడుకోబెట్టి, మెడ కండరాలు వదులుగా ఉంచి, పక్క నుంచి వెలుతురు పడేలా చూడండి. కెరోటిడ్‌తో (మెడ ధమని) తికమక పడితే నాలుగు తేడాలు: జేవీపీలో ఒక్కో బీట్‌కి రెండు కదలికలు కనిపిస్తాయి, వేలికి తగలదు, మెడ మొదట్లో నొక్కితే పోతుంది, కూర్చోబెడితే కిందికి దిగుతుంది. ఎత్తు కొలిచేటప్పుడు స్టెర్నల్ యాంగిల్ నుంచి నిలువుగా కొలవాలి, మెడ వెంబడి ఏటవాలుగా స్కేలు పెట్టకూడదు.

మర్మర్ టైమింగ్‌కి ఎప్పుడూ కెరోటిడ్ మీద వేలు పెట్టండి. రేడియల్ పల్స్ ఆలస్యంగా వస్తుంది కాబట్టి దాంతో చూస్తే సిస్టాలిక్‌నీ డయాస్టాలిక్‌నీ తారుమారు చేసే ప్రమాదం ఉంది. కొలాప్సింగ్ పల్స్ చూసేముందు భుజం నొప్పి ఉందా అని అడగండి, ఇది అడగనందుకు మార్కులు పోతాయి. వయసులో ఉన్నవాళ్లకి బీపీ ఎక్కువుంటే రేడియల్, ఫిమొరల్ రెండూ ఒకేసారి పట్టి చూడండి, కోఆర్క్‌టేషన్ అక్కడే దొరుకుతుంది.

వార్డుకి వెళ్లే అవకాశం లేకపోతే? మీ రూమ్మేట్ మీద నార్మల్ పరీక్ష వరుస తప్పకుండా చేయండి, శబ్దాలు రికార్డింగుల్లో వినండి. నార్మల్ ఎస్1, ఎస్2 బాగా అలవాటైన చెవికి తేడా త్వరగా తెలుస్తుంది.

6. ఈసీజీ: ప్రతిసారీ ఒకే వరుస

స్పీడ్ 25 మిల్లీమీటర్లేనా, స్టాండర్డైజేషన్ 10 మిల్లీమీటర్లేనా చూసి, తర్వాత రేట్, రిథమ్, యాక్సిస్, పీ, పీఆర్, క్యూఆర్ఎస్, ఎస్టీ, టీ, క్యూటీ. ఎస్టీ పైకి లేచి కనిపించగానే ఎగిరి గంతేసి మిగతాది వదిలేయకండి. క్రమం తప్పిన రిథమ్‌కి 300ని పెద్ద గళ్లతో భాగించే పద్ధతి పనిచేయదు. 30 పెద్ద గళ్లలో, అంటే 6 సెకన్లలో, ఎన్ని క్యూఆర్ఎస్‌లు ఉన్నాయో లెక్కపెట్టి 10తో గుణించండి.

లీడ్ రెండు, మూడు, ఏవీఎఫ్‌లో ఎస్టీ లేస్తే ఇన్ఫీరియర్, ఎక్కువగా కుడి కరోనరీ. వీ1 నుంచి వీ4 ఆంటీరియర్, ఎల్ఏడీ (ముందువైపు దిగే ఎడమ కరోనరీ). ఒకటి, ఏవీఎల్, వీ5, వీ6 లాటరల్. ఇన్ఫీరియర్ ఎంఐ (గుండెపోటు) అనగానే తర్వాతి మాట "కుడి వైపు లీడ్స్, వీ4ఆర్ తీయాలి" అని రావాలి. కుడి వెంట్రికల్ దెబ్బతిన్నవాళ్లకి నైట్రేట్ ఇస్తే బీపీ దభాలున పడిపోతుంది.

చెక్: పది ఈసీజీలు వరుసగా పెట్టుకుని, ఒక్కోదానికి రెండు నిమిషాల్లో కాగితం మీద రిపోర్ట్ రాసి, తర్వాతే జవాబు చూడండి. చూస్తూ "ఆ, ఇది నాకు తెలుసు" అనుకోవడం లెక్కలోకి రాదు.

7. గుండెపోటు, హార్ట్ ఫెయిల్యూర్: టైమ్‌తో కలిపి చదవండి

ఎంఐలో పాథాలజీ, కాంప్లికేషన్లు ఒకే గీత మీద రాయండి. మొదటి 24 గంటల్లో అరిథ్మియాలు, ఒకటి నుంచి మూడు రోజుల్లో న్యూట్రోఫిల్స్, మూడు నుంచి ఏడు రోజుల్లో మాక్రోఫేజ్‌లు వచ్చి గోడ మెత్తబడే టైమ్ కాబట్టి పాపిల్లరీ కండరం, సెప్టమ్, గోడ చిరగడం, వారాల తర్వాత డ్రెస్లర్ (గుండె పైపొర వాపు), రెండు నెలలకి మచ్చ. విడివిడిగా గుర్తుండని రెండు టేబుళ్లు ఇలా ఒక్క గీతలో కూర్చుంటాయి.

"మోనా" (మార్ఫిన్, ఆక్సిజన్, నైట్రేట్, ఆస్పిరిన్) అని బట్టీ పట్టినవాళ్లు దాన్ని సరిచేసుకోండి. ఆక్సిజన్ అందరికీ కాదు, శాచురేషన్ 90 శాతం కంటే తక్కువుంటేనే. మార్ఫిన్ కూడా రొటీన్ కాదు. ఆస్పిరిన్ మాత్రం నమలమని వెంటనే ఇవ్వాలి. నైట్రేట్‌కి ముందు మూడు చూడాలి: బీపీ, కుడి వెంట్రికల్, సిల్డెనాఫిల్ లాంటి మందు వేసుకున్నారా అన్నది. 120 నిమిషాల్లోపు పీసీఐ (మూసుకున్న కరోనరీని బెలూన్, స్టెంట్‌తో తెరవడం) కుదరకపోతే, వద్దనే కారణాలేవీ లేకపోతే థ్రాంబోలైసిస్ (గడ్డ కరిగించే మందు). చిన్న ఊళ్ల నుంచి వచ్చే పేషెంట్ల విషయంలో వైవాలో ఈ ప్రశ్న వస్తుంది, "కాథ్ ల్యాబ్‌కి పంపిస్తా" అని ఊరుకుంటే కుదరదు. మొదటి ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగేది) నార్మల్‌గా వచ్చిందని ఇంటికి పంపేయొద్దు, కొన్ని గంటల తర్వాత మళ్లీ చూడాలి.

హార్ట్ ఫెయిల్యూర్‌లో ఎజెక్షన్ ఫ్రాక్షన్ 40 శాతం, అంతకంటే తక్కువైతే నాలుగు గ్రూపుల మందులు: ఏసీఈ ఇన్హిబిటర్ లేదా ఏఆర్ఎన్ఐ (సాకుబిట్రిల్-వాల్సార్టాన్), బీటా బ్లాకర్, మినరలోకార్టికాయిడ్ యాంటగనిస్ట్, ఎస్‌జీఎల్‌టీ2 ఇన్హిబిటర్. ఏసీఈ ఇన్హిబిటర్ ఆపి ఏఆర్ఎన్ఐ మొదలుపెట్టాలంటే 36 గంటల ఎడం. బీటా బ్లాకర్ అంటే ఏదో ఒకటి కాదు, కార్వెడిలాల్, బైసోప్రొలాల్, మెటోప్రొలాల్ సక్సినేట్ పేర్లు చెప్పాలి, టార్ట్రేట్ అనకూడదు. పేషెంట్ ఊపిరితిత్తుల్లో నీరు నిండి ఆయాసపడుతున్నప్పుడు బీటా బ్లాకర్ కొత్తగా మొదలుపెట్టం.

8. రక్తనాళాలను వదిలేయకండి

సీవీఎస్ అంటే గుండె ఒక్కటే అనుకుని చాలామంది ఇక్కడ చేతులెత్తేస్తారు. తీరా సర్జరీ ప్రాక్టికల్‌లో వెరికోస్ వెయిన్స్, కాలి గ్యాంగ్రీన్ కేసు పడి కూర్చుంటుంది. వాస్కులైటిస్‌ని (రక్తనాళాల గోడల వాపు) నాళం సైజుతో విడదీయండి: పెద్దవాటికి టకయాసు, జెయింట్ సెల్, మధ్యరకానికి పాలీఆర్టరైటిస్ నొడోసా, కవాసాకి, చిన్నవాటికి ఏఎన్‌సీఏ (ఒక రకం యాంటీబాడీ) రకాలు. వయసులో ఉన్న ఆడవాళ్లకి ఒక చేతిలో పల్స్ అందకపోతే టకయాసు, బీడీ తాగే మగవాళ్లకి తక్కువ వయసులోనే వేళ్లు నల్లబడితే బర్గర్స్ ముందు గుర్తుకు రావాలి. నడిస్తే పిక్క పట్టేసి ఆగితే తగ్గే నొప్పికి యాంకిల్ బ్రేకియల్ ఇండెక్స్ (చీలమండ బీపీకీ చేతి బీపీకీ నిష్పత్తి) చూడాలి, 0.9 కంటే తక్కువైతే ధమనుల జబ్బు.

ఛాతీ చీల్చినట్టు నొప్పి వీపు వైపు పాకితే, రెండు చేతుల బీపీలో తేడా ఉంటే అయోర్టిక్ డిసెక్షన్ (అయోర్టా గోడ పొరలు చీలడం) అనుమానించాలి. అసెండింగ్ అయోర్టా ఉంటే స్టాన్‌ఫర్డ్ ఏ, సర్జరీ. దీన్ని ఎంఐ అనుకుని థ్రాంబోలైసిస్ ఇస్తే ప్రాణం పోతుంది. పల్మనరీ ఎంబాలిజంలో (ఊపిరితిత్తుల నాళంలో గడ్డ అడ్డుపడడం) ఈసీజీ గుర్తు ఎస్1క్యూ3టీ3 అందరికీ గుర్తుంటుంది, ఎక్కువగా కనిపించేది మాత్రం సైనస్ టాకికార్డియా. డీ డైమర్ జబ్బు ఉందని తేల్చదు, అనుమానం తక్కువున్నప్పుడు లేదని తేల్చడానికి పనికొస్తుంది.

రివిజన్ అయిందో లేదో తెలిసేదెలా

జబ్బుల పేర్లు చీటీల మీద రాసి రోజుకి మూడు తీయండి. ఒక్కోదానికి ఖాళీ కాగితం, పది నిమిషాలు. తర్వాత పుస్తకంతో పోల్చి, వేరే రంగుతో దిద్దండి. తప్పుల పక్కన కారణం రాయండి: అసలు గుర్తురాలేదా, రెండు జబ్బులు కలిసిపోయాయా, ప్రశ్న సరిగ్గా చదవలేదా. కలిసిపోయినవాటికి పక్కపక్కన పోలిక రాయాలి, గుర్తురానివి రెండు రోజులాగి మళ్లీ తీయాలి, ప్రశ్న చదవకపోవడానికి మందు ఎంసీక్యూలే. హైలైటర్‌తో పేజీ అంతా పసుపు చేయడం మాత్రం చూడ్డానికి చదివినట్టే ఉంటుంది, ఖాళీ కాగితం ముందు కూర్చుంటే నిజం బయటపడుతుంది.

టైమ్ బొత్తిగా లేదా? అయితే 2, 6, 7 స్టెప్పులు చేసి, 8లో డీవీటీ (కాలి లోతు సిరల్లో గడ్డకట్టడం), వెరికోస్ వెయిన్స్ చూసుకోండి. జోన్స్ (రుమాటిక్ ఫీవర్‌కి), డ్యూక్ (ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్‌కి) క్రైటీరియా రాత్రి ఒకసారి, పొద్దున్న ఒకసారి రాయండి. జోన్స్‌లో 2015 మార్పులు చదవండి. రుమాటిక్ ఫీవర్ ఎక్కువున్న మనలాంటి చోట్ల ఒక్క కీలు వాచినా మేజర్ కిందికి రావచ్చు. డ్యూక్‌కి 2023లో కొత్త రూపం వచ్చింది.

పరీక్ష రోజు మర్మర్ వినపడకపోతే ఏం చేయాలన్నది చివరగా అందరూ అడుగుతారు. లేని మర్మర్‌ని కల్పించి చెప్పకండి, తర్వాతి ప్రశ్నకే దొరికిపోతారు. పల్స్, జేవీపీ, ఎపెక్స్, పారాస్టెర్నల్ హీవ్, ఎస్1, పీ2 (ఎస్2లో పల్మనరీ వాల్వు శబ్దం) ఎలా ఉన్నాయో చెప్పి, "వీటిని బట్టి మైట్రల్ స్టెనోసిస్ అనుకుంటున్నాను సార్, మర్మర్ నాకు స్పష్టంగా వినపడలేదు, ఎడమ పక్కకి తిప్పి, కాస్త కదిలించి మళ్లీ వింటాను" అనండి. చాలామంది ఎగ్జామినర్లు విననిస్తారు.